మళ్ళీగారు

"మళ్ళీ చెప్పండమ్మా, అర్థం కాలేదు," అన్నాడు పెద్దాయన పోర్చుగీసు క్లాసులో చెయ్యెత్తి.

పక్క కుర్చీలో కూర్చుని నేర్చుకుంటున్న నర్సు తన పుస్తకాన్ని ధడాలున మూసింది.

ఆయనకి 'మళ్ళీగారు' అని పేరు పెట్టింది ఆమే. ఆ పేరు ఎంత బాగా అతుక్కుందంటే, అసలు పేరేమిటని అడగాలని కూడా క్లాసులో ఎవరికీ తోచలేదు.

టీచర్ విసుక్కోకుండా మొదటికి వచ్చింది. పోర్చుగీసులో ఉన్నదున్నట్టు చెప్పేటప్పుడు క్రియ ఒక రూపంలో ఉంటుంది. కోరికో, భయమో, అనుమానమో కలిస్తే ఆ రూపం మారిపోతుంది.

"'ఆమె వస్తోంది' అంటే 'వెం'. 'ఆమె రావాలని ఆశ' అంటే 'వెన్య'. వస్తుందో రాదో మన చేతిలో లేదు కదా, అందుకని."

"బాగుంది. మరి 'ఆమె వచ్చినందుకు సంతోషం' అన్నప్పుడూ మార్చమన్నారే. వచ్చేసింది కదమ్మా, ఇంకా అనుమానమేమిటి?"

"చెవిటివాడి ముందు శంఖం," అని గొణిగాడు వెనక బెంచీలో హోటల్ వంటాయన.

"అక్కడ చెబుతున్నది ఆమె వచ్చిందన్న వార్త కాదండీ, మన మనసు సంగతి. మనసు ముందుకొస్తే క్రియ వేషం మార్చుకుంటుంది," అంది టీచర్.

నర్సు పుస్తకం తెరిచి ఆ మాట గబగబా రాసుకుంది. రాసుకున్నంత మాత్రాన ఆయన మీద కోపమేమీ తగ్గలేదు.

ఆ కోపానికి కారణముంది. ఆ భాష మాట్లాడే దేశంలో, ఓడరేవులో ఆమె భర్త క్రేన్ నడుపుతాడు. కూతురు అక్కడే బడికి వెళ్తోంది. మాట్లాడే పరీక్ష నెగ్గితే ఉద్యోగమిస్తానంది అక్కడి ఆసుపత్రి. ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోతుంది. మొదట్లో కూతురు ఫోన్లో అమ్మ తప్పులు దిద్ది పకపకా నవ్వేది. ఈమధ్య నవ్వడం మానేసి, అమ్మతో మాట్లాడటానికి తెలుగు మాటలు వెతుక్కుంటోంది. అది తలుచుకుంటే నర్సుకి అన్నం సయించడం లేదు.

ఇంత బరువు నెత్తిన పెట్టుకుని వస్తే, పక్కన ఈ జిడ్డు మనిషి. ఆమె ఎక్కడ కూర్చుంటే అక్కడికే వస్తాడు. పుస్తకం తెరవడు, పెన్ను తేడు. ఎంతసేపూ ఆమె కాగితం కేసి చూపు. కాపీ కొడుతున్నాడని ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని రాసేది.

ఒకరోజు క్లాసయ్యాక మెట్ల దగ్గర నిలేసింది.

"మీకో దండం పెద్దాయనా. అర్థం కాకపోతే ఇంట్లో చదువుకుని రండి. మీ డౌట్లకే మా టైమంతా సరిపోతోంది."

"అడిగితే తప్పేముందమ్మా?"

"మీకేం, పొద్దుపోక వస్తారు. నాకు అక్కడ పిల్ల ఉంది."

ఆయన ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగాడు.

"అయితే మీకు తెలియనిది మీరే అడుగుతారా?"

"నాకు డౌట్లుంటే కదా, అడగడానికి," అంది నర్సు.

అంతటితో ఊరుకోలేదు. టీచర్ దగ్గరికెళ్ళి, ఆయనుంటే తను రానని తెగేసి చెప్పింది.

మర్నాడు ఆ కుర్చీ ఖాళీగా ఉంది. పాఠం ఆగకుండా సాగిపోయింది. "పీడా వదిలింది," అన్నాడు వంటాయన. నర్సు నవ్వింది.

తర్వాతి పాఠం 'నువ్వు వచ్చినప్పుడు' అనే మాట మీద. ఆ రాక ఇంకా జరగలేదు కాబట్టి క్రియ మళ్ళీ మారుతుందట, అది కూడా ఇంకో కొత్త రూపంలోకి. నర్సు పెన్ను ఆగిపోయింది. చెయ్యెత్తుదామనుకుంది. ఆయన్ని అన్నేసి మాటలు అన్నాక, ఇప్పుడు తనే అడిగితే వెనకవాళ్ళు ఊరుకుంటారా? చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. ఇంకెవరూ ఎత్తలేదు. టీచర్ ఒక్క క్షణం ఆమె వంక చూసి, పేజీ తిప్పేసింది.

పరీక్షలో ఎదుటి మనిషి అడిగింది చిన్న ప్రశ్నే.

"మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మొదట ఏం చేస్తారు?"

జవాబు నర్సుకి గుండెల నిండా ఉంది. 'వెళ్ళినప్పుడు' అన్న మాట దగ్గరే నోరు పెగల్లేదు. అక్కడ తడబడ్డాక వచ్చిన మాటలు కూడా రాకుండా పోయాయి.

ఫలితం తెలియగానే ఏడ్చిన కళ్ళతోనే క్లాసుకి వచ్చింది. టీచర్ ఒక్కతే బోర్డు తుడుస్తోంది.

"అంతా ఆ ముసలాయన వల్లే మేడం. చెప్పిందే చెప్పించి సగం పాఠాలు తినేశాడు. బుర్రలేని మనిషి."

టీచర్ చెయ్యి బోర్డు మీద ఆగింది.

"నాకు ఈ భాష నేర్పింది ఆయనే."

నర్సుకి వెంటనే తలకెక్కలేదు.

"మరి ఆ డౌట్లు?"

"ఆయనకేం డౌట్లుంటాయి? రిటైరయ్యాక ప్రతి బ్యాచ్‌కీ వచ్చి ఊరికే కూర్చుంటారు. అడగడానికి సిగ్గుపడే వాళ్ళెవరో చూసుకుని, వాళ్ళ పక్కనే."

"ఒక్కసారి ఆయన్ని రమ్మనండి మేడం. నేను మాట్లాడతాను."

"అడిగాను. ఇక ఏ క్లాసుకీ రానన్నారు."

నర్సు వెళ్ళి తన కుర్చీలో కూలబడింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"అయితే ఇన్నాళ్ళూ ఆయన అడిగినవన్నీ..."

"మీ పెన్ను ఎక్కడ ఆగితే అక్కడే ఆయన చెయ్యి లేచేది," అంది టీచర్.