చున్నీ లాగిన చెయ్యి

“మేడమ్, నీళ్లలో సొరచేప ఎదురైతే?”

సత్తెనపల్లి కాలేజీలో పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న అదే.

అండమాన్‌లో స్కూబా డైవింగ్ నేర్పే తేజశ్రీ నవ్వింది.

“అందరికీ దాని భయమే. దానికంటే, గాలి సిలిండరు సరిచూసుకోకపోవడమే పెద్ద ప్రమాదం. పళ్లు చూసి పగవాడనుకోకండి. మన వీపు మీది పట్టీ ఊడితే మనకు కనిపించదు. అందుకే దిగేముందు ఒకరి పట్టీలు ఒకరం చూసుకుంటాం.”

చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లు చెవుల్లో ఉండగానే ఆమె స్కూటీ మీద ఊరి దారి పట్టింది. దారికి ఇరువైపులా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి.

వెనక హారన్. ఆగకుండా హారన్.

అద్దంలో చూసింది. మోటార్‌సైకిల్ మీద ఒకడు. ముఖమంతా తువ్వాలు చుట్టుకున్నాడు. కనిపించే కళ్లు నిప్పుకణికల్లా ఉన్నాయి.

ఆమె వేగం పెంచింది.

అతడూ పెంచాడు.

తువ్వాలు చాటు నుంచి ఏదో అరుస్తున్నాడు. ఆ మాటను గాలి మింగేసింది.

పక్కకు వచ్చాడు. చెయ్యి చాచాడు. ఆమె మెడలోని చున్నీని ఒక్క లాగు లాగి ఊడదీశాడు.

తేజశ్రీ కెవ్వున అరిచి, టీకొట్టు ముందు బ్రేకు వేసింది. వెనకే అతడూ ఆగాడు.

కొట్టు యజమాని బుల్లయ్య పరుగున వచ్చాడు. వెనకే పదిమంది.

“ఏరా! తాగొచ్చి పట్టపగలు ఆడపిల్ల చున్నీ లాగుతావా?”

చెంప ఛెళ్లుమంది. తువ్వాలు జారింది. లోపల నెరిసిన గడ్డం.

“అది కాదయ్యా... చక్రం చూడండి...”

“నోర్ముయ్!”

“కొట్టండి, బుద్ధి రావాలి!” అంది తేజశ్రీ.

అందరి చేతులూ అలిసిపోయాక అతడు తువ్వాలు ఏరుకుని, ఆమె వంక చూశాడు.

“మెడకేం కాలేదు గదమ్మా?”

బండెక్కి వెళ్లిపోయాడు.

“మెడేంటి?” అనుకుంటూ బుల్లయ్య స్కూటీని పక్కకు నెట్టబోయాడు. కదల్లేదు.

వంగి చూశాడు.

వెనక చక్రంలో చున్నీ. మెలి మీద మెలి పడి, మోకులా బిగిసి, గ్రీజు పట్టి నల్లగా ఉంది.

ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

తేజశ్రీ చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది. కాలేజీలో మోగిన చప్పట్లు ఇప్పుడు చెంపల మీద మోగుతున్నట్టుంది.

అప్పుడే పక్క కళ్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఎలీసమ్మ రొప్పుతూ వచ్చింది.

“ఎంత పని చేశారయ్యా! ఆయన పొరుగూరి నుంచి మా కళ్లంలో పనికొచ్చే యలమంద. మిరప ఘాటుకు కళ్లెర్రబడితే తాగుబోతనుకున్నారా?”

“మాకేం తెలుసు, ఎలీసమ్మా?” అన్నాడు బుల్లయ్య.

తేజశ్రీ అతడు వెళ్లిన దారి వైపు చూసింది. దుమ్ము కూడా అణిగిపోయింది.

“ఆయన... నా కోసం ఎందుకంతలా వెంటపడ్డాడమ్మా?”

ఎలీసమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

“నిరుడు ఈ రోడ్డు మీదే, తన బండి వెనక కూర్చున్న కూతురి చున్నీ చక్రంలో పడుతుంటే చూసుకోలేకపోయిన తండ్రి తల్లీ ఆయన.”