వంటింట్లోంచి సముద్రం

పెళ్లయిన ఇరవై రెండేళ్లకి టైలరమ్మను భర్త మొదటిసారి షికారుకు తీసుకెళ్లాడు. తీరం వెంబడి అన్నీ సందడి లేని చిన్న ఊళ్లే. నచ్చినచోట కారు ఆపి, అలల్లో కాళ్లు తడుపుకుని, తాపీగా మళ్లీ బయల్దేరేవారు.

ప్రతి ఊళ్లోనూ అతను ఒక అద్దె ఇల్లు చూపించి, "ఎలా ఉంది?" అని అడిగాడు. రిటైరయ్యాక ఇక్కడే ఉందామంటాడు కాబోలని ఆమె లోలోపల మురిసిపోయింది. ఒకచోట నీళ్లు ఉప్పగా ఉన్నాయంది. ఇంకోచోట గోడలు చెమ్మగిల్లాయంది.

నాలుగో ఊళ్లో వంటింటి కిటికీ తెరవగానే ఎదురుగా సముద్రం.

"ఇదేనండీ! ఇక్కడ కూర మాడినా నాకు పట్టదు," అని నవ్వి, కర్టెన్ల కోసం టేపుతో కిటికీ కొలవసాగింది.

అంతలో ఇంటి ఓనరమ్మ తాళాలు తెచ్చింది. "ఎప్పుడు దిగుతారు?"

"ఆదివారమండీ. మా ఆవిడ పుట్టింట్లో ఉంది, వెళ్లి తీసుకొస్తాను."

టైలరమ్మ చేతిలో టేపు ఆగిపోయింది.

"మరి ఈవిడ?"

"మా అక్క," అన్నాడతను తడుముకోకుండా. "మా ఆవిడది చిన్న వయసు, ఇల్లు చూసుకోవడం తెలీదు. అక్క చెయ్యి మంచిది."

తర్వాత టైలరమ్మ పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఇంటికెళ్లాక చెబుదామనుకున్నా. ఇక్కడ రభస చెయ్యకు."

ఓనరమ్మ వచ్చి ఆప్యాయంగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ అమ్మాయి పెట్టి పుట్టిందమ్మా! తమ్ముడి కాపురం కోసం ఇంత తాపత్రయపడే ఆడపడుచు ఎవరికి దొరుకుతుంది?"