గోడకు పరీక్ష

“ఫెయిల్ అనే రాయాలండీ,” అంది మేనకోడలు, మేనమామ మొహంలోకి చూడకుండా.

ఇంట్లో అయితే ‘నువ్వు’, ‘మామయ్యా’. గోడల బలం పరీక్షించే ఈ షెడ్డులో అడుగుపెట్టాక మాత్రం ‘మీరు’, ‘అండీ’. ఇక్కడ ఇంజనీరు ఆమే. చుట్టరికం చూసి పాస్ చేసిందన్న మాట పడటం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు.

షెడ్డు మధ్యలో ఆయన చెక్క గోడ నిలబడి ఉంది. తన కార్ఖానాలో ముందుగానే తయారుచేసి, లారీలో వేసుకొచ్చాడు. మనిషి కంటే ఎత్తు, తలుపు రెక్కంత వెడల్పు. అంచుల పొడుగునా ఒత్తుగా మేకులు, అడుగున నేలలోకి బిగించిన బోల్టులు. పెనుగాలి వీచినా, భూమి కంపించినా ఇల్లు పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచడం దాని పని. ఇది నెగ్గితే కొత్తగా కట్టబోయే బడికి ఇలాంటి గోడలన్నీ ఆయనే చేస్తాడు. నెగ్గకపోతే కార్ఖానాకు తాళమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పరీక్షలో పెద్ద మర్మమేమీ లేదు. షెడ్డు చివరనున్న లావాటి ఇటుక గోడకు జాకీ వెన్ను ఆనించి, దాని కడ్డీతో చెక్క గోడ పైఅంచును పక్కకు తోస్తారు. కడ్డీ ఎంత బయటికొస్తే గోడ అంత ఒరిగినట్టు లెక్క. కడ్డీ మీది ఎర్ర గీత బయటపడిందంటే ఫెయిల్. ఆ గీత ఇప్పుడు ఎర్రగా, నిక్షేపంలా కనబడుతోంది.

“రాసెయ్ తల్లీ. నీ ఉద్యోగం నువ్వు చెయ్యి,” అన్నాడాయన.

చెక్క విరిగి మీద పడుతుందేమోనని ఆమే ఆయన్ని దూరంగా, ఆ ఇటుక గోడ దగ్గర నిలబెట్టింది. పాపం, దానికే జారగిలబడిపోయాడు. భుజాల మీద ఏదో పొడి. రంపప్పొట్టు ఇక్కడికీ మోసుకొచ్చాడనుకుంది. మనసు చివుక్కుమంది.

రాయబోయి ఆగింది. ఒక సంగతి ఆమెను తొలిచేస్తోంది. ఇంత ఒరిగిన చెక్క కిర్రుమనైనా అనాలి కదా? ఒక్క మేకైనా తల బయటపెట్టాలి కదా? దగ్గరికెళ్లి అంచులు తడిమి చూసింది. మేకులన్నీ బుద్ధిగా ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇంకా ఏం వెతుకుతున్నావని ఆయన అడిగితే, తనకే తెలియదంది. మేస్త్రీలు వాడే తూకం గుండు తెచ్చి చెక్క గోడ పైనుంచి వేలాడదీసింది. దారం అంచును రాసుకుంటూ కిందదాకా దిగింది. గోడ నిటారుగా ఉంది.

కడ్డీ బయటికొచ్చిన మాట నిజం. చెక్క గోడ కదలని మాటా నిజమే. మరి కదిలిందేమిటి? పొడుపుకథ కొస దొరికీ దొరకనట్టుంది ఆమెకు. చూపు కడ్డీ వెంట జాకీ దాకా, జాకీ వెంట ఇంకా వెనక్కి పాకింది. సరిగ్గా అప్పుడే మేనమామ భుజం మీద మరికాస్త పొడి రాలింది. అది రంపప్పొట్టు కాదు, సున్నం.

ఆమె ‘అండీ’ మరిచిపోయింది.

“మామయ్యా, మెల్లగా నా దగ్గరికి వచ్చెయ్. ఒరిగింది నీ గోడ కాదు, నువ్వు ఆనుకున్న మా గోడ.”