ఒక మాటకు నానా అర్థాలు

జోలపాట కూడా కాదు. పోనీ ఏడు అనుకుందామా అంటే, ఏమిటి ఏడు? ఏడు మెట్లా, ఏడో నెలా, ఏడుగురు మనుషులా? అంకె అన్నాక ఊరికే గాల్లో వేలాడదు, దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉంటుంది. ఇన్నేళ్ళుగా నిఘంటువుకి మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్విపోస్తున్నవాడికి ఆపాటి తెలియదా? ఏ మాటా అతన్ని ఇన్నాళ్ళు గుమ్మం బయట నిలబెట్టలేదు. నానా. రెండే అక్షరాలు. పాలపళ్ళు రాని పిల్ల కూడా అనగలిగే మాట. అదే అతని దుంప తెంచుతోంది. పొద్దున చెవిలో పడితే ప్రశ్నలా ఉంటుంది, సాయంత్రం పడితే తిట్టులా ఉంటుంది.

అతను పుస్తకం విసురుగా మూసి ఇంకొకటి తెరిచాడు. వేసవిలోనే రాతబల్లను ముందుగదిలోంచి పడకగదిలోకి లాగించుకున్నాడు. కిటికీ దగ్గర కుర్చీలో భార్య, వీధివైపు తిరిగి కూర్చుని ఉంది. ఆమె చెల్లెలు వెనక నిలబడి జడ వేస్తోంది.

"మళ్ళీ మొదలెట్టావా బావా? ఇవాళ్టి అర్థం ఏమిటో?"

"జపాను భాషలో ఏడు."

"లెక్కల్లో ఏడా, నన్ను ఏడవమనా?"

"నీకు వేళాకోళంగా ఉంది."

"లేకపోతే ఏమిటి? మొన్న పుదీనా అన్నావు. కట్టలు కట్టలు తెచ్చి పడేశావు. ఫ్రిజ్ తెరిస్తే ఇప్పటికీ అదే వాసన."

"హీబ్రూలో అది పుదీనాయే."

"దానికి ముందు అనాస పండు."

"దక్షిణ అమెరికా అడవుల్లో వాళ్ళ మాట. మన అనాస అక్కణ్ణుంచే ఓడలెక్కి వచ్చింది."

"వస్తే వచ్చింది. మా అక్క ఒక్క ముక్క ముట్టుకుందా?"

ముట్టుకోలేదు. ఎడమచేత్తో పళ్ళేన్ని పక్కకి నెట్టి మొహం తిప్పేసుకుంది. పుదీనా నీళ్ళకీ అదే గతి. స్పెయిన్ వాళ్ళకి ఆ మాట జోలపాట అని చదివి, నిన్న గొంతెత్తి ఒక జోల కూడా పాడాడు. పక్కింటాయన వచ్చి తలుపు తట్టాడే గాని ఆమె మాత్రం ఇటు తిరగలేదు.

మరదలు జడ చివర రబ్బరుబ్యాండు బిగించింది. "మనిషి ఎదురుగా ఉంది. ఆ పుస్తకాలు కాసేపు అవతల పెట్టి మాట్లాడొచ్చుగా?"

"మాట్లాడితే సమాధానం వస్తుందా?"

"రాకపోతే మాత్రం? కట్టుకున్నవాడివి, ఆపాటి ఓపిక లేదా?"

"ఓపిక లేకపోతే ఇవన్నీ ఎందుకు తిరగేస్తున్నాను?"

"ఎందుకో నీకే తెలియాలి" అంది మరదలు. దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు ఉండచుట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె అక్క వంటింట్లో అడుగుపెట్టి చాలా రోజులైంది.

అంతకుముందు ఇల్లు ఇలా ఉండేది కాదు. కూర మాడితే అదొక కథ, పాలవాడు ఆలస్యమైతే అదొక కథ. ఆమె చెప్పుకుపోతుంటే అతను పుస్తకంలోంచి తలెత్తకుండా 'ఊ' కొట్టేవాడు. ఆమె మాటలు ధారగా పోతున్న రోజుల్లో దోసిలి పట్టాలని అతనికి తోచలేదు. ఇప్పుడీ ఇంట్లో ఆపకుండా వాగేది కుళాయి ఒక్కటే.

ఫోను మోగింది. నిఘంటువు ఆఫీసు నుంచి. అతని దగ్గరే పని నేర్చుకుని అతనికే పై అధికారి అయినవాడు.

"మాస్టారూ, మీ ఇంట్లో పరిస్థితి తెలుసు కాబట్టి ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. 'ప' అచ్చుకి వెళ్ళాలి, 'న' ఇంకా మీ బల్ల మీదే ఉంది. 'నానా' దగ్గర ఏమిటండీ ఆ పీటముడి? పలు, వివిధ అని రాసి పంపించెయ్యండి."

"ఆ అర్థం సరిపోదు."

"సరిపోకపోవడమేంటండీ? నానా తంటాలు, నానా గడ్డి. లోకమంతా అంటోంది."

"లోకం అనేదాంతో నాకేం పని?"

అవతల నిట్టూర్పు. "నిఘంటువు పనే లోకం అనేదాంతో కదండీ. సాయంత్రంలోగా కాగితాలు రాకపోతే మీ భాగం ఇంకొకరికి అప్పగిస్తాను. తర్వాత నన్ను అనుకోవద్దు."

"అప్పగించుకోండి" అని ఫోను పెట్టేశాడు. సగం జీవితం పెట్టిన పని, ఒక్క విసురులో పోయింది. అయినా భయం రాలేదు, చిరాకే వచ్చింది. ఆ ఒక్క మాటా విడిపోతే చాలు, మిగతా నిఘంటువుని చెదలకి పెట్టినా ఫరవాలేదు.

చేతిలోది చివరి పుస్తకం. హవాయి దీవుల భాష. వేలు పేజీలోని వరుసల వెంట జారి ఒకచోట ఆగింది. నానా: చూడు.

చూడమంటే దేన్ని చూడాలి? విసుగ్గా తలెత్తి కిటికీలోంచి బయటికి చూశాడు. కరెంటు స్తంభం. ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పటి. మూసిన దుకాణం మెట్టు మీద కుక్క. ఇందులో చూడ్డానికి ఏముంది, తన మొహం.

నిజంగానే తన మొహం కనిపించింది. మూసిన కిటికీ అద్దంలో బల్ల, పుస్తకాల గుట్ట, దాని వెనక తను. ఆ పక్కనే రెండు కళ్ళు. ఆమె చూస్తున్నది వీధిని కాదు. వేసవి నుంచీ ఆ అద్దంలో అతన్నే చూస్తోంది.

అతను పుస్తకం మూశాడు. బల్లని దాటి వచ్చి, కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. ఒళ్ళో పడి ఉన్న ఆమె కుడిచేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

ఆమె పెదవులు కదిలాయి.

"ఊ" అన్నాడు అతను, ఆమె కళ్ళలోకి చూస్తూ.

పక్షవాతం ఆమెకు మిగిల్చిన మాట 'నానా' ఒక్కటే.