దానమ్మ పంపిన మాత్రలు

“ఏం తెచ్చావే? ఇటివ్వు,” అంటూ సీతారావమ్మ చెయ్యి చాపింది.

బ్లెస్సీ నల్ల కవరును చటుక్కున వీపు వెనక్కి దాచింది. దాచాక గానీ తట్టలేదు, కోడిని దొంగిలించినవాడు కూడా ఇంత తెలివితక్కువగా దాచడని.

ఆశా వర్కర్ దానమ్మకు జ్వరం. అందుకే పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలు కూతురు బ్లెస్సీ చేతిలో పెట్టి, “సీతారావమ్మగారింట్లో ఇచ్చిరా. నలుగురిలో బయటపెట్టకు,” అని పంపింది. ఎవరికోసమో ప్రత్యేకంగా చెప్పాలా? ఆ ఇంటి కోడలు సాయిశ్రీకి అయిదు నెలల పాప. ఈ సంగతి అత్తకు తెలిస్తే ఇంకేమైనా ఉందా! ఆ అక్క కాపురం ఇప్పుడు తన చేతిలో ఉందనుకుంది బ్లెస్సీ. బళ్ళో హాజరు పలకడానికే గొంతు పెగలని తన చేతిలో!

“సాయిశ్రీ అక్క లేదా అండీ?”

“పాపకు నీళ్ళు పోస్తోంది. నాకివ్వవే.”

“అక్కకే ఇవ్వాలండీ... ఐరన్ మాత్రలు.”

అబద్ధం భలే అతికిందని లోలోపల మురిసిపోయింది.

“ఐరనా? మరీ మంచిది. మైలవరం డాక్టరు నాకూ రక్తం తక్కువన్నాడు.”

సీతారావమ్మ కవరు లాక్కుంది. అట్ట చించింది. మాత్ర నాలుక మీద వేసుకుని మంచినీళ్ళ చెంబు అందుకుంది.

బ్లెస్సీ పదిహేనేళ్ళుగా దాచుకున్న గొంతంతా ఒక్కసారే బయటికొచ్చింది.

“మింగకండీ! అవి పిల్లలు పుట్టకుండా వేసుకునేవి!”

పక్కింటి గోడ మీద రెండు తలలు లేచాయి. సాయిశ్రీ తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది.

“ఎవరికే, ఆ మాత్రలు?”

“నీకేగా అక్కా,” అనేసి బ్లెస్సీ నాలుక కరుచుకుంది. చెప్పకూడని మాట చెప్పకూడని వాళ్ళందరికీ చెప్పేయడానికి తనకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

“నాకా? నేనెప్పుడడిగాను?” అంది సాయిశ్రీ తెల్లబోయి.

సీతారావమ్మ గటగటా నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, బ్లెస్సీ చెవి పట్టుకుని దగ్గరకు లాక్కుంది.

“కోడలికి కాన్పప్పుడే కాపర్-టీ వేయించానే, పిచ్చిమొహమా! నాకింకా నలభై రెండేళ్ళే. ఇవి నాకు!”