బోరింగా, క్రాంకా?

"ఎవడు రాశాడమ్మా ఇది?"

బోరింగ్ మేస్త్రి గొంతు షెడ్డు రేకులను తాకి తిరిగివచ్చింది. బల్ల మీద ఒక కారు ఇంజను బ్లాకు ఉంది. దాని పక్కగోడ మీద తెల్ల సుద్దతో 'బోరింగ్, ఒకటిన్నర మిల్లీ' అని రాసి ఉంది. ఆ బారు గీతలు, ఆ వంకర కొమ్ములు ఆయనకు కొత్తవి కావు. ఊరి అవతల క్రాంకుల షెడ్డు నడిపేవాడి చేతిరాత అది.

"ఎవరు రాస్తే మీకెందుకండీ? రాసింది చెయ్యండి" అంది బ్లాకు తెచ్చిన అమ్మాయి.

ఇరవై నిండాయో లేదో. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచింది. గోళ్ళ సందుల్లో నల్లటి నూనె.

ఆ క్రాంకులవాడూ తానూ ఒకప్పుడు ఒకే కప్పు కింద పనిచేసినవారు. ఇంజను బలం పెంచాలంటే బోరింగ్ చేసి, అంటే సిలిండర్ల లోపలి గోడలు చెక్కి, పెద్ద పిస్టన్లు వేయాలనేది ఈయన పక్షం. గోడల జోలికి పోవద్దు, పిస్టను మరికాస్త దూరం కదిలేలా పెద్ద క్రాంకు వేయాలనేది అతడి పక్షం. వాదం ముదిరి వైరమైంది. ఇరవై ఏళ్ళ కిందటే షెడ్డు రెండు ముక్కలైంది. రాకపోకలు తెగిపోయాయి. అతడి ఊసెత్తితే మేస్త్రికి ఈనాటికీ ఒళ్ళు మండుతుంది.

క్రాంకుల మీద బతికేవాడు బోరింగ్ చెయ్యమని రాయడమేమిటి? తనను వెక్కిరించడానికి కాకపోతే!

పళ్ళు నూరుతూ, గోడ మందం చూసే మీటరు తీశాడు. ఆ బ్లాకును ఇదివరకే ఎవరో ఒకసారి చెక్కేశారు. ఒక్కొక్క సిలిండరునూ చుట్టూ కొలుస్తూ వచ్చాడు. మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది. మళ్ళీ కొలిచాడు. మీటరు తీసి బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"తీసుకుపో. చెయ్యను."

"ఎందుకు చెయ్యరు?"

"నీళ్ళు తిరిగే వైపు గోడ కాగితంలా ఉంది. ఇంకా చెక్కితే వేడికి పగులుతుంది. నూటయాభై మీద పోతుండగా ఇంజను పట్టేస్తుంది. చక్రాలు బిగుసుకుపోతాయి. ఆ తర్వాత ఏరుకోవడానికి ఎముక కూడా మిగలదు. తెలిసిందా?"

"బెదిరించకండి. పెద్ద క్రాంకు వేస్తే ఇంజను పైవేగం అందుకోదు, మూలుగుతుంది. రోజూ తిరిగే కారే నాది. కానీ ఆదివారం ట్రాకు మీద అందరి ముందూ నవ్వులపాలు కాలేను."

"నవ్వులపాలైతే ఇంటికైనా వస్తావు! నీకు బుద్ధి చెప్పేవాళ్ళు ఇంట్లో లేరా?"

"మా ఇంటి గొడవ మీకొద్దు. మీరు చెయ్యకపోతే ఇంకొకరు చేస్తారు. ఊళ్ళో బోరింగ్ మిషను మీ ఒక్కరికే లేదు."

ఆమె బ్లాకు మీద చెయ్యి వేసింది. మేస్త్రి కళ్ళు ఎర్రబడ్డాయి. బల్లకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ముట్టుకో చూద్దాం! ఇనుము చెక్కడమే నా బతుకు. నా ఇల్లు, నా తిండి, నా పరువు అన్నీ ఈ మిషను పెట్టినవే. ఆ నేనే చెబుతున్నా, వద్దు! క్రాంకే వేయించు. పో, ఆ దరిద్రుడి షెడ్డుకే పో, వాడి క్రాంకే వేయించు!"

ఆ ఆఖరి మాట తన నోట ఎలా ఊడిపడిందో ఆయనకే తెలియలేదు. ఏ మాటను కాదని ఇన్నేళ్ళు పగ సాధించాడో, ఆ మాటే!

అమ్మాయి తెల్లబోయింది. మీటరు అందుకుని మూడో సిలిండరును తానే కొలుచుకుంది. అంకె చూసి పెదవి కొరుక్కుంది.

"బోరింగ్ చేసే మీరే వద్దంటే ఇంకేం మాట్లాడను?" అంది చివరికి, గొంతు తగ్గించి. "సరే. క్రాంకే వేయిస్తాను. రేపొచ్చి బ్లాకు తీసుకెళతాను."

ఆమె వెళ్ళిపోయింది. మేస్త్రి కోపం మాత్రం వెళ్ళలేదు. నేయి పోసిన నిప్పులా ఇంకా లేచింది. షెడ్డుకు తాళమైనా వేయకుండా బండెక్కాడు. దారి పొడవునా తిట్లు పేర్చుకుంటూనే ఉన్నాడు. చచ్చినా తొక్కనని ఒట్టు పెట్టుకున్న గడపను దాటిన సంగతి కూడా గమనించలేదు.

క్రాంకులవాడు మర దగ్గర నిలబడి ఉన్నాడు.

"మనిషివేనా నువ్వు? ఆ బ్లాకు కొలవకుండా రాశావా, కొలిచే రాశావా?"

"కొలిచే రాశాను."

"కొలిచి! ఆ గోడ చూశాక కూడా అలా రాయడానికి చెయ్యెలా వచ్చిందిరా నీకు? నా మీద కసి ఉంటే నా షెడ్డు తగలబెట్టు. ఎవరు కన్న పిల్లో ఏమో, దాని ప్రాణం తీస్తావా?"

అతడు మర ఆపాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకున్నాడు.

"చెక్కేశావా?"

"చెక్కడానికి నేనేమన్నా నీలాంటి కసాయివాణ్ణా? గొంతు పోయేలా అరిచి, క్రాంకు వేయించుకోమన్నాను."

"ఒప్పుకుందా?"

"ఒప్పుకోక చస్తుందా!"

అతడు అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. పెదవులు అదిరాయి. అది నవ్వనుకుని మేస్త్రి భగ్గుమన్నాడు.

"సిగ్గులేకుండా పైగా నవ్వొకటా?"

"నా క్రాంకు అమ్ముకోవడానికే చెబుతున్నానని కన్నతండ్రి మాట తోసిపుచ్చింది బావా, బోరింగ్ చేసే మేనమామే వద్దంటే నమ్ముతుందని నేనే దాన్ని నీ దగ్గరికి పంపాను" అన్నాడతడు, ఆ నూనెగుడ్డలోనే ముఖం దాచుకుంటూ.