ఎర్ర పెన్సిల్ దిద్దిన మాట

పదకొండింటికల్లా సంజాయిషీ ఇవ్వాలి. అప్పటికే పదిన్నర.

సూపరింటెండెంట్ గది ముందు బెంచీ మీద కూర్చుని నర్సు నాలుగో కాగితం చింపింది.

ఆడవాళ్ళ వార్డులో తొమ్మిదో బెడ్ ఆవిడకు మధ్యాహ్నం రెండింటికి ఇవ్వాల్సిన మందు, మూడున్నర దాకా ఇవ్వలేదు. ఈలోగా ఫిట్స్ వచ్చాయి. మూడు రోజులుగా ఆవిడ ఐసీయూలో ఉంది. తోడుండే కూతురు నర్సు మొహం చూడడం మానేసింది.

సంజాయిషీ ఇంగ్లీషులో రాయమన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మందు 'మిస్డ్' అని రాస్తే తప్పును తేలిగ్గా తీసుకున్నట్టుంటుందేమో! ఫోన్‌లో వెతికితే అదే వరసలో 'నెగ్లెక్టెడ్' కనిపించింది. పైవాళ్ళకు రాసేటప్పుడు మాట ఎంత బరువుగా ఉంటే అంత మర్యాద అని సీనియర్ అక్క చెప్పనే చెప్పింది.

నెగ్లెక్టెడ్ అని రాసేసింది.

"ఆ మాట వద్దమ్మా."

పక్కన ఒక ముసలాయన, ఒళ్ళో ఫ్లాస్కు. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో, కళ్ళజోడు సర్దుకుంటూ ఆమె కాగితమే చదువుతున్నాడు.

"వేరేవాళ్ళ కాగితం అలా చదవొచ్చా తాతగారూ?"

"ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను తల్లీ. కంటబడితే చదవకుండా ఉండలేను. పాడు అలవాటు."

"రెండు మాటలూ ఒకటేగా!"

"ఒకటెలా అవుతాయి? మిస్ అంటే చెయ్యి జారడం. నెగ్లెక్ట్ అంటే అసలు చెయ్యి చాపకపోవడం. నీది ఏది?"

నర్సుకు ఒళ్ళు మండింది. "మీకేం, ఎన్నైనా చెబుతారు! పోయేది నా ఉద్యోగం. పేషెంటు ఇంటివాళ్ళ ఫిర్యాదు కూడా ఇవాళే వస్తుందట. నా బాధ మీకేం తెలుసు?"

ఆయన నొచ్చుకోలేదు. "ఆ గంటన్నరా ఎక్కడున్నావమ్మా?" అని మాత్రం అడిగాడు.

"పక్క బెడ్ ఆవిడకు ఊపిరాడలేదు. వార్డులో నేనొక్కదాన్నే. ఆవిడ తేరుకునేదాకా కదల్లేకపోయాను. గడియారం చూడగానే పరిగెత్తాను. అప్పటికే..."

ఆయన ఫ్లాస్కు మూత విప్పాడు, మళ్ళీ బిగించాడు.

"ఆ పక్క బెడ్ ఆవిడ?"

"బతికింది. నిన్న ఇంటికెళ్ళిపోయింది."

"పోన్లే."

సంచిలోంచి ఎర్ర పెన్సిల్ తీశాడు. ఆమె వద్దనేలోపే నెగ్లెక్టెడ్ మీద గీత కొట్టి, గీత చివర చిన్న సున్నా చుట్టి, పైన మిస్డ్ అని రాశాడు.

"అయ్యో, కాగితం పాడుచేశారు! ఇంకా పది నిమిషాలే ఉంది!" ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

అటెండర్ తలుపు తీశాడు. "పెద్దాయనా, ముందు మీరు రండి."

ఆయన సంచీ పెన్సిలూ పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

నర్సు ఆదరాబాదరా కొత్త కాగితం మీద ఎక్కించింది. ఆ మాట దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆగింది. నేను చెయ్యి చాపలేదా? చాపాను. మిస్డ్ అనే రాసింది.

ఆయన బయటకు వచ్చేసరికి ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ఆయన ఐసీయూ వైపు వెళ్ళిపోయాడు.

లోపల సూపరింటెండెంట్ మేడమ్ సంజాయిషీని ఇంకో కాగితం పక్కన పెట్టి, రెండూ నిదానంగా చదివింది.

"రెండిట్లోనూ ఒకే మాట ఉంది. సరే, వెళ్ళి డ్యూటీ చూసుకో. ఇకమీదట జాగ్రత్త. నెగ్లెక్టెడ్ అని మీ ఇద్దరిలో ఏ ఒక్కరు రాసినా, నిన్ను ఉంచడం నా చేతుల్లో ఉండేది కాదు."

"ఇద్దరెవరు మేడమ్?"

మేడమ్ రెండో కాగితాన్ని ఆమె వైపు తిప్పింది.

టైపు చేసిన ఫిర్యాదు. అందులో ఒక మాట మీద ఎర్ర గీత, గీత చివర చిన్న సున్నా, పైన మిస్డ్.

అడుగున, పేషెంటుకు ఏమవుతారన్న చోట, వణికిన సంతకం పక్కన 'భర్త' అని ఉంది.